గుడికి వెళ్లే దారిలో బేస్‌బాల్ ఆట

ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ శివారు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చాలా పెద్దది. ఉన్నదున్నట్టు ప్రచురించే వీలు లేక సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆమె అత్తమామలు మే నెలలో తెనాలి నుంచి వచ్చారు, అక్టోబరు దాకా ఉంటారు. జులైలో అయిదుగురూ కారులో పిట్స్‌బర్గ్ వెళ్లి, అక్కడ వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, అటునుంచి అటే నయాగరా చూసి రావాలని అనుకున్నారు. అయితే ఆమె భర్త ఫిబ్రవరిలోనే, ఇంకా మంచు కురుస్తున్న రోజుల్లో, పదకొండేళ్ల కొడుక్కి ఒక మాట ఇచ్చాడు. ఈ వేసవిలో పిట్స్‌బర్గ్ వెళ్లినప్పుడు పీఎన్‌సీ పార్క్ స్టేడియంలో ఆ ఊరి బేస్‌బాల్ జట్టు పైరేట్స్ ఆట చూపిస్తానన్నాడు. పిల్లవాడు తన ఊరి బేస్‌బాల్ జట్టులో ఆడతాడు, పైరేట్స్ పాత ఆటగాడు రొబెర్తో క్లెమెంతే మీద అభిమానంతో ఆయన వేసుకున్న 21వ నంబరు జెర్సీ అడిగి మరీ తీసుకున్నాడు.

ఈ సంగతి మామగారికి రాత్రి భోజనాల దగ్గర మనవడి నోటి నుంచే తెలిసింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. "దేవుడి దగ్గరికి వెళ్తూ మధ్యలో ఈ ఆటలేమిటి? అయిదుగురికి టికెట్లంటే మనకి నెల కూరగాయలు రావూ?" అని చెయ్యి కడుక్కుని లేచిపోయారు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, "మీరు వెళ్లండమ్మా, నేను కారులో కూర్చుంటాలే" అన్నారు. భర్త మాత్రం, "ఇద్దరి మధ్యా నేను నలగలేను, నువ్వే ఏదో ఒకటి తేల్చు" అని తప్పుకున్నాడు. పిల్లవాడు గొడవేమీ చేయలేదు. మర్నాడు తల్లి బట్టలు సర్దుతుంటే, పెట్టెలో ముందే పెట్టుకున్న 21వ నంబరు జెర్సీని తీసి మళ్లీ అలమరలో పెట్టేశాడు. "కాదంటే కొడుకు, అవునంటే మామగారు బాధపడతారు, ఏదైనా చివరికి చెడ్డపేరు నాకే. ఏం చేయమంటారు?" అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గుడి కావాలా ఆట కావాలా అన్నట్టు మీ ఇంట్లో ఈ తగవు నడుస్తోంది గాని, నాకు అందులో అటువంటి తగవు కనిపించడం లేదు. మీవారు ఇచ్చిన మాటను మీవారే తన తండ్రికి చెప్పకపోవడం, పెద్దవాళ్లను ఎవరూ సరిగ్గా అడగకపోవడం, ప్రయాణాన్ని రోజుల వారీగా ఎవరూ కాగితం మీద పెట్టుకోకపోవడం, ఈ మూడూ కలిసి చిక్కుపడ్డాయి. మొదటిది మీవారి పని, దాని సంగతి తరవాత చెబుతాను. మూడోది తేలిక కాబట్టి ముందు దాన్ని చూద్దాం.

అన్నిటికన్నా ముందు చూడవలసిన విషయం ఒకటి మీ ఉత్తరంలో లేదు. మీరు వెళ్లే వారాంతంలో పైరేట్స్ అసలు ఊళ్లో ఆడుతున్నారా? ఒక్కో జట్టుకు సీజనులో 162 ఆటలుంటే సొంత ఊళ్లో ఆడేవి 81 మాత్రమే. మిగతా సగం రోజులు స్టేడియం ఖాళీగా ఉంటుంది. షెడ్యూలు చూడకుండా ఇంట్లో ఇంత బాధపడి ఉంటే, ఆ బాధలో కొంత అనవసరమే కావచ్చు. జట్టు ఊళ్లో లేని వారాంతమైతే స్టేడియం లోపల తిప్పి చూపించే టూరు ఉందేమో కనుక్కోండి. పిల్లవాడికి అది ఆట చూడడంతో సమానం కాదు గాని, మాట పూర్తిగా తప్పినట్టూ కాదు.

జట్టు ఊళ్లోనే ఉందనుకుందాం. మీ మామగారి అభ్యంతరాల్లో మొదటిదాన్ని నేను చాదస్తమని కొట్టిపారేయను. పొద్దున తలస్నానం చేసి, స్వామిని చూసి, ప్రసాదం తిని, అదే పంచెతో సాయంత్రం బీరు గ్లాసుల మధ్య, కాలుతున్న సాసేజీల వాసనలో కూర్చోవడం ఆయన వయసు మనిషికి ఇబ్బందే. కాని అది వరసకు సంబంధించిన ఇబ్బంది. మీ ప్రణాళికలో శనివారం ఉదయం దర్శనం, అదే సాయంత్రం ఆట ఉన్నాయి. వెంకన్నకు శనివారం ముఖ్యమని ఆయన ఆ రోజు వదులుకోరని మీరే రాశారు. వదులుకోనక్కర లేదు, ఆటను శుక్రవారం రాత్రికి జరపండి. మీవారు శుక్రవారం సగం రోజు సెలవు పెడితే, మధ్యాహ్నం పన్నెండుకు కొలంబస్‌లో బయలుదేరినా మూడు గంటల పైచిలుకు ప్రయాణంతో పిట్స్‌బర్గ్ చేరతారు. రాత్రి ఆటలు అక్కడ సాధారణంగా ఆరున్నర దాటాక మొదలవుతాయి. శనివారం పొద్దున్నే స్నానాలు చేసి పెన్ హిల్స్‌లోని గుడికి వెళ్లవచ్చు. అమెరికాలో మనవాళ్లు కట్టుకున్న తొలినాటి పెద్ద గుళ్లలో అది ఒకటి, 1970లలో వెలిసింది. దర్శనం అయ్యాక అక్కడే పులిహోరో పెరుగన్నమో తిని నయాగరాకు బయలుదేరితే నాలుగు గంటల దారి. అప్పుడు ఆట ముందు, దేవుడు తరవాత అవుతుంది, ఏ మైలా ఏ ఎంగిలీ గుడిలోకి రాదు.

దీనికి మీరు ఇచ్చుకోవలసిన మూల్యం కూడా చెప్పాలి. శుక్రవారం అలసటగా ఉంటుంది. పెద్దవాళ్లు మూడు గంటలు కారులో కూర్చుని, వెంటనే మరో మూడు గంటలు స్టేడియంలో కూర్చోవాలి. మీరు అనుకున్నట్టు గుడికి దగ్గరగా ఉంటుందని మన్రోవిల్‌లో హోటలు తీసుకుంటే, శుక్రవారం సాయంత్రం రద్దీలో స్క్విరెల్ హిల్ సొరంగం దాటి హోటలుకు వెళ్లి, మళ్లీ ఆటకు అదే సొరంగం వెనక్కి దాటాలి. ఆ సొరంగం ముందు కార్లు నత్తల్లా కదిలే సంగతి ఆ ఊరివాళ్లందరికీ తెలిసిందే. అందుకని ఆ ఒక్క రాత్రికి డౌన్‌టౌన్‌లోనే గది తీసుకోండి. ఖర్చు ఎక్కువే అవుతుంది. నన్నడిగితే ఈ ప్రయాణంలో డబ్బు పెట్టవలసిన చోటు అదే, మైదానం పక్కన ఖరీదైన సీట్లు కావు. గది దగ్గరగా ఉంటే అత్తగారు ఆట మధ్యలో లేచి వెళ్లి పడుకోగలరు. డౌన్‌టౌన్ నుంచి నది అవతల స్టేడియం దాకా నడిచే ట్రాము, దాన్ని అక్కడ "టీ" అంటారు, ఆ కాస్త దూరానికి టికెట్టు అడగదు. నడవగలిగినవాళ్లు క్లెమెంతే పేరు పెట్టిన పసుపుపచ్చ వంతెన మీదుగా నడిచి వెళ్లవచ్చు, ఆట రోజున దాని మీద కార్లు వెళ్లనివ్వరు.

శుక్రవారం సెలవు దొరకకపోతే శనివారం దర్శనం చేసుకుని, ఆదివారం మధ్యాహ్నం ఆట చూసి, నయాగరాను సోమవారానికి జరపవచ్చు. కాని జులై మధ్యాహ్నం ఎండ, ఒక అదనపు రాత్రి అద్దె, సోమవారం సెలవు కలిసి వస్తాయి. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నేను దీన్ని రెండో ఎంపికగానే చెబుతాను.

ఇక మీ అత్తగారి మాట. "నేను కారులో కూర్చుంటాలే" అన్న మాటను మన ఇళ్లలో నలభై ఏళ్లుగా వింటున్నాం, సినిమాహాలు బయట, పెళ్లి భోజనాల దగ్గర, ఆసుపత్రి మెట్ల దగ్గర. నా వల్ల మీకు ఇబ్బంది వద్దు అనడానికి ఆ తరం ఆడవాళ్లకు తెలిసిన మాట అది. దానికి నిజంగా కారులో కూర్చోబెట్టడం జవాబు కాదు, జులైలో ఆపి ఉంచిన కారు ఎవరికీ క్షేమం కాదు కూడా. ఆవిడకు భయం ఆటంటే కాదు, మెట్లంటే. ఆ సంగతి టికెట్టు కొనేటప్పుడే చూసుకోవచ్చు. ఆ స్టేడియంలో జనం లోపలికి వచ్చే నడవా కింది అంతస్తు సీట్లకు పైకొసన ఉంటుంది. కాబట్టి కింది అంతస్తులో చివరి వరసలు తీసుకుంటే మెట్లు దిగే పని దాదాపు ఉండదు, నెత్తి మీద పై అంతస్తు నీడ కూడా పడుతుంది, చినుకు పడినా తడవరు. మైదానానికి దగ్గర వరసలని గొప్పగా చెప్పి అమ్ముతారు గాని, మోకాళ్ల నొప్పులవారికి అవి పాతిక మెట్లు దిగి మళ్లీ పాతిక మెట్లు ఎక్కడమే. మూడో బేస్ వైపు, అంటే బ్యాటరు వెనక నుంచి చూస్తే ఎడమ వైపు, తీసుకోండి. నది, వంతెన, అవతల ఊరి భవనాలు ఎదురుగా కనిపిస్తాయి. ఆట అర్థం కాకపోయినా ఆ దృశ్యం చూస్తూ ఒక గంట గడిచిపోతుంది. ఆటలు కూడా ఇదివరకటిలా సాగదీయడం లేదు. 2023లో బౌలరుకు, వాళ్ల భాషలో పిచ్చరుకు, బంతికీ బంతికీ మధ్య గడియారం పెట్టాక సగటు ఆట మూడు గంటల నాలుగు నిమిషాల నుంచి రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆవిడ అయిదోది అయ్యాక లేచి వెళ్లినా సగం కన్నా ఎక్కువే చూసినట్టు. ఒక్కసారి బయటికి వెళ్తే సాధారణంగా మళ్లీ లోపలికి రానివ్వరు కాబట్టి, ఆవిడతో ఎవరు వెళ్లేదీ ముందే అనుకోండి. ఆ మనిషి మీరే కానక్కర లేదు.

ఎందుకు ఆ మాట అంటున్నానో చెబుతాను. మీ ఆరు పేజీల ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యంలో మీరు దాటేసిన సంగతి ఉంది. బాబు జట్టుకు స్కోరు పుస్తకం రాసేది మీరేనట. మూడేళ్లుగా శనివారాలు కుర్చీ మడత విప్పుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, ఎవడు ఏ బేస్‌కు చేరాడో చిన్న చిన్న డైమండ్ గళ్లలో గీస్తున్నారు. బ్యాటు తిప్పి బంతి తగలక ఔటైతే కె అక్షరం, తిప్పకుండా చూస్తూ నిలబడి ఔటైతే అద్దంలో కనిపించినట్టు తిరగేసిన కె వేస్తారని కూడా రాశారు. ఇంత తెలిసిన మీరు, కొడుకు కోసం, మామగారి కోసం అని లెక్క వేశారు గాని, ఆ ఆట చూడాలని మీకు ఉందా లేదా అన్నది ఎక్కడా రాయలేదు. నాకు మాత్రం ఉందనే అనిపించింది. తీర్పరిగా కూర్చోబెట్టిన మనిషికి తన కోరిక చెప్పుకునే వీలుండదు. మీవారు మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లిపోయారు.

అదే ఉత్తరంలో మరో చోట, మీ మామగారు బడిలో పనిచేసే రోజుల్లో రేడియోలో కామెంటరీ వింటూ స్టాఫ్‌రూం నల్లబల్ల మీద వికెట్టు వికెట్టుకూ స్కోరు రాసేవారని, ఇక్కడికి వచ్చిన మొదటి వారంలో మనవడి బ్యాటు పట్టుకుని "ఇది రోకలిలా గుండ్రంగా ఉందేమిట్రా, దీంతో కవర్ డ్రైవ్ ఎలా కొడతారు?" అని అడిగారని రాశారు. ఇష్టం లేని మనిషి వేసే ప్రశ్న కాదది. ఆయనకు ఈ ఆట పరాయిదిగా ఉంది, దాన్ని ఆయన భాషలో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. మనవడికి తాత దగ్గర ఒక సాయంత్రం ఇవ్వండి. పిచ్ పొడవు క్రికెట్‌లో 66 అడుగులైతే ఇక్కడ పిచ్చరుకూ బ్యాటరుకూ మధ్య 60 అడుగుల 6 అంగుళాలేనని, ప్రతి బంతీ ఫుల్‌టాసేనని, మోచెయ్యి వంచి విసిరినా అంపైరు నోబాల్ అనడని, గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతులు మామూలేనని వాడు చెబితే, హెడ్మాస్టరు గారు కనీసం వాదనకైనా దిగుతారు. వాదనకు దిగారంటే సగం పని అయినట్టే.

ఆయనకు చెప్పదగిన సంగతులు మరి రెండున్నాయి. మన దేశం నుంచి అమెరికా జట్లతో మొదట ఒప్పందం కుదుర్చుకున్న రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు, వేరే మనిషి), దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్లను 2008 నవంబరులో తీసుకున్నది ఈ పైరేట్స్ జట్టే. ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చి, జావెలిన్ విసురుతూ, బంతి విసిరే టీవీ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన పిల్లలు. పెద్ద జట్టు దాకా చేరలేకపోయారు గాని, బేస్‌బాల్ బంతి అంతకు ముందు పట్టి ఎరగనివాళ్లు అక్కడి దాకా వెళ్లడమే విశేషం. రెండోది మీ అబ్బాయి 21వ నంబరు కథ. క్లెమెంతే పోర్టో రికో దీవి మనిషి, 18 సీజన్లు ఈ ఒక్క జట్టుకే ఆడి సరిగ్గా మూడు వేల హిట్లు కొట్టాడు. 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సహాయ సామగ్రి తీసుకువెళ్తున్న విమానం కూలి చనిపోయాడు, అప్పటికి వయసు 38. ఆయన కాపలా కాసిన కుడివైపు మైదానం చివర గోడను, 2001లో తెరిచిన ఈ కొత్త స్టేడియంలో, సరిగ్గా 21 అడుగుల ఎత్తున కట్టారు. మీరు మూడో బేస్ వైపు కూర్చుంటే ఆ గోడ ఎదురుగా ఉంటుంది. మనవడు అలమరలో పెట్టేసిన జెర్సీ ఎవరిదో తాతకు తెలియదు. తెలిస్తే "ఆటలేమిటి" అన్న మాట అదే గొంతుతో మళ్లీ అంటారని నేను అనుకోను.

ఇంత చెప్పినా ఆయన రానంటే? రాకపోవచ్చు, అది ఆయన హక్కు. అప్పుడు ఇద్దరు ఆటకు, ముగ్గురు వేరే చోటికి వెళ్లడంలో అవమానం ఏమీ లేదు. కుటుంబమంటే అయిదుగురూ అన్ని చోట్లా ఒకే బెంచీ మీద కూర్చోవడమే అన్న పట్టింపు వల్ల మన ప్రయాణాల్లో చాలామందికి చాలా చోట్ల తలనొప్పి వస్తుంది. పెద్దవాళ్లు హోటల్లో విశ్రాంతి తీసుకోవచ్చు, లేదా కొండ మీదికి పట్టాల మీద వాలుగా ఎక్కే డ్యూకేన్ ఇంక్లైన్ బండిలో ఎక్కి మౌంట్ వాషింగ్టన్ పై నుంచి మూడు నదులు కలిసే చోటు చూడవచ్చు. 1877 నాటి బండి అది. అయితే ఆటకు వెళ్లే ఇద్దరెవరు అన్నది చిక్కు. మాట ఇచ్చింది తండ్రి, ఆట తెలిసింది తల్లికి. తండ్రీకొడుకులు వెళ్తే మాట నిలబడుతుంది, మీరు మాత్రం మళ్లీ సేవలో మిగిలిపోతారు. తల్లీకొడుకులు వెళ్తే మీవారు తన అమ్మానాన్నలతో ఒక సాయంత్రం ఒంటరిగా గడపవలసి వస్తుంది, అది ఆయనకు మంచిదే కావచ్చు గాని, "కోడలు మమ్మల్ని వదిలి ఆటకు వెళ్లింది" అన్న మాట పుట్టకుండా చూసే బాధ్యత కూడా అప్పుడు ఆయనదే. ఎవరు రావాలో బాబునే అడగండి. జవాబు ఏదైనా నొచ్చుకోకుండా వినగలిగితేనే అడగండి.

మరో దారి, పిట్స్‌బర్గ్‌ను గుడికే వదిలేసి, ఆగస్టులో ఒక ఆదివారం సిన్సినాటికో క్లీవ్‌లాండుకో వెళ్లి ఆట చూడడం. మీ ఇంటి నుంచి రెండూ రెండేసి గంటల దూరమే, రాత్రికి ఇల్లు చేరవచ్చు, హోటలు ఖర్చు లేదు, పెద్దవాళ్లు ఇంట్లోనే ఉండవచ్చు. డబ్బు దృష్టితో చూస్తే ఇదే తేలిక. కాని అక్కడ 21 అడుగుల గోడ ఉండదు. వాయిదా పడిన వాగ్దానాలు ఇళ్లలో ఎలా కనుమరుగవుతాయో మీకు నేను చెప్పనక్కర లేదు, సెప్టెంబరు ముగిస్తే సీజనూ ముగుస్తుంది. ఈ దారి పట్టేట్టయితే మీవారు పిల్లవాడి దగ్గర కూర్చుని, తాను మాట మార్చిన సంగతి తనే ఒప్పుకుని, వాడి కళ్ల ముందే కొత్త తేదీకి టికెట్లు కొనాలి. "చూద్దాంలే" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

టికెట్ల ఖర్చు గురించి ఒక్క మాట. ప్రత్యర్థి జట్టును బట్టి, వారాన్ని బట్టి ధర మారుతుంది, వెనక వరసలు చాలా తక్కువకే దొరుకుతాయి. మామగారికి డాలర్ల అంకె చెబితే ఆయన వెంటనే రూపాయల్లోకి మార్చుకుంటారు, అది ఆపలేం. అబద్ధం చెప్పకండి, తక్కువ చేసి చెప్పకండి. "ఫిబ్రవరి నుంచి దీని కోసం నెలనెలా పక్కన పెట్టాం" అని చెప్పగలిగితే చెప్పండి, పెట్టకపోతే ఇప్పటినుంచైనా పెట్టండి. వాన వల్ల ఆట రద్దయితే ఆ టికెట్టు సాధారణంగా మరో రోజు ఆటకు పనికొస్తుంది గాని డబ్బు చేతికి రాదు. ఆ మరో రోజుకు మీరు నయాగరాలో ఉంటారు. ఆ నష్టానికి సిద్ధపడే కొనండి, పిల్లవాడికీ ముందే చెప్పండి.

ఇవన్నీ మామగారితో మాట్లాడవలసింది మీవారు, మీరు కాదు. "నాన్నా, ఫిబ్రవరిలో వాడికి మాటిచ్చింది నేను, నీకు చెప్పకపోవడం నా తప్పు" అన్న ఒక్క వాక్యంతో మొదలుపెడితే చాలు. తండ్రికి కొడుకు చెప్పే మాటలో ఉన్న చనువు కోడలి మాటలో ఉండదు, మీరు ఎంత మెత్తగా చెప్పినా అది ఎదురు చెప్పడంగానే వినిపిస్తుంది. ఈ జవాబు మీవారికి చూపించండి. ఆయన మాట్లాడాక, మీరు మామగారి దగ్గరికి వెళ్లి ఖాళీ స్కోరు పుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి ఇచ్చి, ఆ తిరగేసిన కె ఎందుకు వేస్తారో చూపించండి. అది కూడా ఈ వారంలోనే కానివ్వండి, శుక్రవారం ఆటలకు మూడో బేస్ వైపు నీడ పడే చివరి వరసలు ముందుగా అమ్ముడైపోతాయి.